వల ఏది తెస్తే అదే విందు

సముద్రపు నీళ్ళు అంతటా ఉప్పగానే ఉంటాయి. ఒడ్డున వండే కూర మాత్రం ఊరు ఊరుకీ మారిపోతుంది. కాకినాడ వైపు కాచే వంజరం పులుసుకూ, నెల్లూరులో మామిడికాయ ముక్కలు వేసి కాచే చేపల పులుసుకూ ఎంత తేడా ఉందో మనకు తెలుసు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే పులస కోసం పుస్తెలైనా అమ్ముకోవచ్చని సామెత పుట్టించిన నేల మనది. చేపల విషయంలో మనకు ఇంకొకరు చెప్పవలసింది ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

అయినా ఒకసారి పడమటి తీరానికి వెళ్ళి చూడండి. కేరళ ఉత్తర భాగాన, అరేబియా సముద్రం ఒడ్డున పరుచుకున్న ప్రాంతమే మలబారు. మనవాళ్ళు కాలికట్ అని పిలిచే కోజికోడ్ నుంచి కన్నూరు వరకు సుమారు 90 కిలోమీటర్ల దారి. కొయిలాండి, వడకర, మాహే, తలశ్శేరి ఊళ్ళన్నీ ఒకే రైలుదారి మీద వరుసగా వస్తాయి. డిసెంబరు నెలలో మేము నలుగురం ఈ దారి వెంట నాలుగు రోజులు తిరిగాం. మసీదులు చూశాం, రేవులు చూశాం, కడుపారా తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు మేమందరం ఒప్పుకున్న మాట ఒకటుంది. ఫలానా చేపే కావాలని పట్టుబట్టేవారి కంటే, ఈ రోజు వలలో ఏం పడిందని అడిగి తినేవారికే ఇక్కడ అసలు రుచి దక్కుతుంది. ఆ పద్ధతి సముద్రానికి కూడా మేలు చేస్తుంది. ఎలాగో చెబుతాం.

బేపూరు రేవులో తెల్లవారుజామున

కోజికోడ్‌కు దక్షిణాన చాలియార్ నది సముద్రంలో కలిసే చోట బేపూరు ఉంది. అరబ్బు దేశాల వర్తకుల కోసం శతాబ్దాలుగా ‘ఉరు’ అనే పెద్ద కొయ్య ఓడలు కట్టిన ఊరు ఇది. ఇప్పుడు చేపల రేవుగా కూడా దానికి పేరుంది. ఫజ్ర్ నమాజు ముగించుకుని మేము అక్కడికి వెళ్ళేసరికి పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. బుట్టలు దిగుతుండగానే వేలంపాట మొదలైంది. పాట పాడేవాడి భాష మాకు తెలియకపోయినా, బుట్టలో ఉన్నవి మాత్రం మనకు తెలిసిన ముఖాలే.

మన కవళ్ళను అక్కడ ‘మత్తి’ అంటారు. కానాగంతలు ‘అయల’. వంజరం ‘అయకూర’. చందువ ‘ఆవోలి’. నెత్తళ్ళు ‘నెత్తోలి’. సొరచేప ‘స్రావు’. రొయ్య ‘చెమ్మీన్’. చేపకు వాళ్ళు వాడే మాట ‘మీన్’. మీనం అన్నా, మీనరాశి అన్నా మనకు అర్థమవుతుంది కదా, కనుక ఆ మాట నేర్చుకోవడానికి శ్రమ లేదు. “ఇన్ను ఎందా మీన్?” అంటే “ఈ రోజు ఏం చేప?” అని అర్థం. ఈ ఒక్క మాట నేర్చుకుని వెళ్తే చాలు, భోజనశాల నడిపేవారి ముఖం వికసిస్తుంది. వంటింట్లో ఉన్నదాంట్లో మంచిది మీ విస్తట్లోకి వస్తుంది.

మధ్యాహ్నం కోజికోడ్‌లో ఒక చిన్న భోజనశాలకు వెళ్ళాం. లావుపాటి ఉప్పుడు బియ్యం అన్నం, దాని మీద ఎర్రటి చేపల పులుసు, పక్కన కొబ్బరి వేసిన కూర. మన గోదావరి జిల్లాల నుంచి వెళ్ళే జయ రకం బియ్యానికి కేరళలో చాలాకాలంగా గిరాకీ ఉంది. కనుక అక్కడ అన్నం ముందు కూర్చున్నప్పుడు, మెతుకు మనది, చేప వారిది అనుకున్నా తప్పులేదు. అన్నం వడ్డించాక ఒక పెద్ద పళ్ళెం తెచ్చి మన ముందు పెడతారు. మసాలా పట్టించిన చేపలు అందులో వరుసగా పేర్చి ఉంటాయి. వేలుతో చూపిస్తే చాలు, దాన్ని అప్పటికప్పుడు కొబ్బరినూనెలో వేయించి తెస్తారు.

బయటి ఊళ్ళ నుంచి వచ్చినవారు ఎక్కువగా అయకూర ముక్కే చూపిస్తారు. దానికి ముళ్ళు తక్కువ, పేరు ఎక్కువ, ధరా ఎక్కువే. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఊరివారి విస్తళ్ళలో మాత్రం మత్తి కనిపించింది. అరచేతిలో ఇమిడే చిన్న చేప. కారం, పసుపు, మిరియాలు, ఉప్పు పట్టించి కరకరలాడేలా వేయించినది. మేమూ అదే తెప్పించుకున్నాం. ముల్లు తీసే ఓపిక ఉన్నవారికి అంతకు మించిన రుచి లేదని చెప్పగలం. దాని ఒంట్లోనే నూనె ఉంటుంది, అందుకే నూనె కవళ్ళు అని మనవాళ్ళు పేరు పెట్టారు. కేరళలో తరతరాలుగా సామాన్యుడి కడుపు నింపిన చేప ఇదే.

మిరపకాయ వచ్చిన దారి

మలబారు వంటలో అరబ్బుల చేయి, మలయాళీల చేయి కలిసి ఉంటాయి. మిరియాల కోసం, యాలకుల కోసం అరబ్బు వర్తకులు ఈ తీరానికి వచ్చారు. కొందరు ఇక్కడి స్త్రీలను నికాహ్ చేసుకుని స్థిరపడ్డారు. అలా ఏర్పడిన ముస్లిం సమాజాన్ని మాప్పిళ్ళలు అంటారు. ప్రసిద్ధ యాత్రికుడు ఇబ్న్ బతూతా 1340ల నాటికి కోజికోడ్ వచ్చి, చైనా ఓడలు సైతం లంగరు వేసే ఆ రేవును చూసి రాసుకున్నాడు.

ఊళ్ళోని కుట్టిచ్చిర చెరువు ఒడ్డున మిష్కాల్ మసీదు ఉంది. మన వైపు కనిపించే మీనార్లూ గుమ్మటాలూ దీనికి లేవు. కొయ్యతో, అంతస్తుల మీద అంతస్తులుగా, కేరళ ఇళ్ళలాగే వాలు కప్పులతో కట్టారు. నాఖుదా మిష్కాల్ అనే ఓడల వర్తకుడు కట్టించినందున ఆ పేరు వచ్చింది. 1510లో పోర్చుగీసువారు దీనికి నిప్పు పెట్టారు. తర్వాత బాగుచేసుకున్నారు, నేటికీ నమాజు జరుగుతోంది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఈ తీరం వంటకు ఒకప్పుడు ఘాటు ఇచ్చినవి మిరియాలే. ఇప్పుడు చేపల పులుసును ఎర్రగా చేసే మిరపకాయ అమెరికా ఖండానికి చెందినది. దాన్ని మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారే. మసీదును కాల్చినవారి ఓడల్లోనే మిరపకాయ వచ్చింది. ఆ మిరపకాయతో మాప్పిళ్ళ తల్లులు తమ పులుసును ఇంకా రుచిగా చేసుకున్నారు. ‘మీన్ ములకిట్టదు’ అంటే మిరపకాయ వేసిన చేప అని అర్థం. పగవాడు తెచ్చిన దినుసునైనా మేలుగా మార్చుకోవడం వంటింటికి తెలిసిన విద్య.

తలశ్శేరి ఇంట్లో దస్తర్‌ఖాన్

తలశ్శేరిలో తెలిసినవారింట మాకు విందు చేశారు. అతిథి మర్యాదను అక్కడ ‘సల్కారం’ అంటారు. కొత్త అల్లుడు ఇంటికి వచ్చినప్పుడు చేసే సల్కారం మరీ గొప్పగా ఉంటుందట. గోదావరి జిల్లాల కొత్త అల్లుళ్ళు విన్నా ఒక్క క్షణం ఆలోచనలో పడతారు.

మొదట పత్తిరి వచ్చింది. బియ్యప్పిండిని మరిగే నీళ్ళలో కలిపి, ముద్ద చేసి, కాగితంలా పల్చగా ఒత్తి, నూనె చుక్క లేకుండా పెనం మీద కాల్చిన రొట్టె ఇది. కొబ్బరిపాలలో తడిపి, చేపల కూరతో తింటారు. తర్వాత మీన్ పత్తిరి. చేప ముక్కల మసాలాను రెండు బియ్యపు రొట్టెల మధ్య పెట్టి, అరిటాకులో చుట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం ఆకలి తీరుతుంది.

ఆ తర్వాత చేపల బిర్యానీ. హైదరాబాదు బిర్యానీకి అలవాటు పడిన మనకు ఇది కొత్తగా ఉంటుంది. పొడవాటి బాస్మతి కాదు, వయనాడు కొండల్లో పండే జీరకశాల అనే పొట్టి గింజ బియ్యం. అన్నం విడిగా నేతిలో వండుతారు. చేపను పైపైన వేయించి మసాలాలో పెడతారు. ఆపైన రెండింటినీ పొరలు పొరలుగా పేర్చి దమ్ వేస్తారు. పచ్చి చేపను బియ్యంతో కలిపి దమ్ పెడితే ముక్క విరిగిపోతుంది కనుక ఈ పద్ధతి. పక్కన కొబ్బరి పచ్చడి, ఖర్జూరం పచ్చడి పెట్టారు. చివర పాలు లేని తేనీరు. నిమ్మరసం పిండిన ఆ తేనీటిని ‘సులైమానీ’ అంటారు. ఎంత తిన్నా అది తాగితే తేలికపడుతుంది.

చిప్పలో కూరిన పిండి, మజ్‌హబ్ మర్యాద

అదే దస్తర్‌ఖాన్ మీద ‘అరిక్కడుక్క’ కూడా వచ్చింది. సముద్రపు రాళ్ళను పట్టుకుని పెరిగే ఒక రకం ఆల్చిప్పను మలయాళంలో ‘కల్లుమ్మక్కాయ’ అంటారు. రాతి మీది కాయ అని దాని అర్థం. ‘కడుక్క’ అన్నా అదే. ఎలత్తూరు, తిక్కోడి వంటి ఊళ్ళలో మనుషులు సముద్రంలో మునిగి, ఇనుప పనిముట్టుతో రాళ్ళ నుంచి వీటిని పెకలించి తెస్తారు. అలలు రాళ్ళకేసి కొట్టే చోట ఊపిరి బిగబట్టి చేసే పని అది. చిప్పను తెరిచి, కడిగి, నానబెట్టిన ఉప్పుడు బియ్యం, కొబ్బరి, చిన్న ఉల్లిపాయలు, సోంపు కలిపి రుబ్బిన ముద్దను అందులో కూరతారు. ఆవిరి మీద ఉడికించి, చిప్ప తీసేసి, కారం పట్టించి వేయిస్తారు.

మాలో ఒకరు ఆ పళ్ళేన్ని మెల్లగా పక్కకు జరిపారు. ఇంటివారు ఒక్క ప్రశ్న వేయలేదు. నిమిషంలో వేడివేడి అయల వేపుడు ఆయన ముందుకు వచ్చింది.

కారణం మన పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. సముద్రపు వేట ధర్మసమ్మతమన్న విషయం ఖుర్‌ఆన్‌లోని మాయిదా సూరాలో ఉంది. చేపకు జబహ్ అవసరం లేదన్న దానిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అందుకే పరాయి ఊళ్ళో మాంసం గురించి సందేహం కలిగినవారు చేప తెప్పించుకుని నిశ్చింతగా ఉంటారు. అయితే నీటిలో బతికే మిగతా జీవుల విషయంలో మజ్‌హబ్‌ల మధ్య తేడా ఉంది. తెలుగు ప్రాంతాల ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. హనఫీ మజ్‌హబ్‌లో నీటి జీవుల్లో చేప మాత్రమే తినదగినది. పీతలు, ఆల్చిప్పలు అందులోకి రావు. రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్న దానిపై హనఫీ ఉలమాలలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మలబారు ముస్లింలలో ఎక్కువమంది షాఫయీలు. అరబ్బు వర్తకులతో, ముఖ్యంగా యెమెన్ తీరంతో వారికి ఉన్న పాత సంబంధాలే దీనికి కారణం. షాఫయీ మజ్‌హబ్‌లో సముద్రపు ఆహారం పరిధి ఇంకా విశాలం. కల్లుమ్మక్కాయ వారి ఇంట పండుగ వంటకం కావడం అందుకే.

ఎవరి పద్ధతి వారికి ఉంది. ఎవరికి సందేహం ఉన్నా తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. మాకు నచ్చింది ఆ ఇంటివారి తీరు. వద్దన్న అతిథిని బలవంతపెట్టలేదు, వాదనకు దిగలేదు. అతిథి కూడా వారి వంటకాన్ని చిన్నచూపు చూడలేదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద రెండు మజ్‌హబ్‌లు పక్కపక్కన కూర్చుని తృప్తిగా భోంచేశాయి. బయటి ఊళ్ళకు వెళ్ళే మనవారు ఈ మర్యాదను గుర్తుంచుకోవాలి.

చేప కనిపించని రోజులు

ఇంత సమృద్ధి ఎప్పుడూ ఉంటుందని అనుకోవద్దు. మత్తి సంగతే చూడండి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2012లో కేరళ తీరంలో దాదాపు 3.9 లక్షల టన్నుల మత్తి పడింది. 2021 నాటికి అది 3,300 టన్నులకు పడిపోయింది. నూరు బుట్టలు వచ్చిన చోట ఒక్క బుట్ట కూడా రాలేదన్నమాట. సామాన్యుడి చేప సామాన్యుడికి అందకుండా పోయింది. దాని మీద ఆధారపడిన చిన్న పడవలవారు అప్పుల పాలయ్యారు. 2023 నాటికి పట్టుబడి మళ్ళీ లక్ష టన్నులు దాటడంతో ఊపిరి పీల్చుకున్నారు.

ఎందుకిలా జరుగుతుంది? సముద్రపు నీటి వేడిలో వచ్చే మార్పులు, మత్తికి మేత తగ్గడం కొంత కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్న కారణం ఇంకొకటి ఉంది. గుడ్లు పెట్టే వయసు రాకముందే పిల్ల చేపలను సన్న కన్నుల వలలతో ఊడ్చేయడం. అందుకే కేరళ ప్రభుత్వం 2015లో కొన్ని రకాల చేపలకు కనీస కొలత నిర్ణయించింది. పది సెంటీమీటర్ల కంటే చిన్న మత్తిని పట్టరాదన్నది అందులో ఒకటి. వానాకాలంలో, జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 వరకు 52 రోజులు పెద్ద మరపడవలు అక్కడ వేటకు వెళ్ళరాదు. చిన్న నాటు పడవలకు మినహాయింపు ఉంది. మన తూర్పు తీరంలో ఈ విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు.

కొనేవాడు ఉన్నంతకాలం పట్టేవాడు ఉంటాడు. వేట నిషేధం ఉన్న రోజుల్లో కూడా నాకు పెద్ద వంజరమే కావాలని పట్టుబడితే, భోజనశాలవాడు ఎక్కడో మంచులో రోజుల తరబడి నిలవ ఉన్నది తెచ్చి పెడతాడు. 2018లో కేరళ అధికారులు తనిఖీలు చేసినప్పుడు బయటి నుంచి వచ్చిన చేపల్లో కుళ్ళకుండా కలిపిన ఫార్మలిన్ బయటపడింది. శవాలను భద్రపరచడానికి వాడే రసాయనం అది. రుచీ పోయింది, ఆరోగ్యానికీ ముప్పే. ఆ రోజు చిన్న పడవ తెచ్చినది ఏదో అడిగి తినేవాడికి ఈ బెడద చాలావరకు ఉండదు. పైగా అతను ఇచ్చే డబ్బు తీరంలోని జాలరి ఇంటికే చేరుతుంది.

ఇంట్లో వండుకోవాలంటే

మలబారు పులుసు మన ఇంట్లోనూ చేసుకోవచ్చు. అరకిలో కానాగంతలు గాని, కవళ్ళు గాని తీసుకోండి. కంటి గుడ్డు ఉబ్బి మెరుస్తూ ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకుండా తిరిగి పైకి లేవాలి. ఈ మూడూ ఉంటేనే తాజా చేప.

మట్టి చట్టిలో కొబ్బరినూనె వేసి, చిటికెడు మెంతులు, తరిగిన చిన్న ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, రెండు పచ్చిమిర్చి, కరివేపాకు వేయించండి. పొయ్యి సెగ తగ్గించి రెండు చెంచాల కారం, అర చెంచా పసుపు, కొంచెం ధనియాల పొడి వేసి మాడకుండా కలపండి. నిమ్మకాయంత చింతపండు పులుసు, తగినంత ఉప్పు వేసి బాగా మరగనిచ్చి, ఆ తర్వాతే ముక్కలు వేయండి. ఇక గరిటె పెట్టవద్దు. చట్టిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే చాలు. పది నిమిషాల్లో దించి, పైన పచ్చి కొబ్బరినూనె ఒక చెంచా, కరివేపాకు వేసి మూత పెట్టండి. కొబ్బరినూనె అలవాటు లేనివారు మొదట సగం నువ్వులనూనె కలుపుకోవచ్చు.

గరిటె పెట్టకుండా చట్టిని తిప్పడం మన అమ్మమ్మలకూ తెలుసు. పులుసు మర్నాటికే ఎక్కువ రుచి అన్న మాట కూడా రెండు తీరాలదీ ఒకటే.

మలబారు దాకా వెళ్ళలేనివారు నిరాశపడనక్కర లేదు. భీమిలి నుంచి కాకినాడ, మచిలీపట్నం, కృష్ణపట్నం దాకా మనకూ పొడవైన తీరం ఉంది. ఈసారి పిల్లలతో సముద్రం చూడటానికి వెళ్ళినప్పుడు చేపల రేవు వైపు కూడా నడవండి. అక్కడి ఆడపడుచు బుట్టలో ఏముందో అడగండి. చిన్న చేప అని తీసిపారేయకండి, మరీ పిల్ల చేప అయితే కొనకండి. తినగలిగినంతే వడ్డించుకోండి, ఎందుకంటే ఇస్రాఫ్ విస్తట్లోనే మొదలవుతుంది. సముద్రం ఇచ్చినదాన్ని ఇచ్చినంత మటుకే తీసుకుంటే, మన పిల్లల విస్తట్లో కూడా కవళ్ళ వేపుడు కరకరలాడుతుంది.